దించిన ఇల్లు

"కదలొద్దన్నానా లేదా?" అని కసురుకున్నాను. స్టూలు మీద కూర్చున్నది రావికమతం వైపు నుంచి పాస్‌పోర్టు సైజు ఫోటో కోసం వచ్చిన పెద్దాయన. తలకు నూనె రాసుకుని, చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మరీ కూర్చున్నాడు పాపం. "నాను కదల్లేదండీ. మీ కొట్టే కదిలినాది," అన్నాడు.

నిజమే. గొడుగులైటు ఊగుతోంది. గోడకున్న ఫ్రేములు, మా నాన్న తీసిన పాత పెళ్లి ఫోటోలన్నీ, టకటకమని గోడను కొడుతున్నాయి. కాళ్ల కింద ఏదో గుర్రుమంటోంది. నాకు భూకంపమని తట్టనే లేదు. చింతపల్లి రోడ్డు మీద కలప లారీలు వెళ్తే మా స్టూడియో ఎప్పుడూ కాస్త వణుకుతుంది, అదే అనుకున్నాను. కానీ ఆ లారీ ఎంతకీ వెళ్లిపోలేదు. పెద్దాయన లేచి, "బయటికి రండమ్మా బేగి," అని నా చెయ్యి పట్టుకుని లాగాడు. పరాయి మగవాడు అలా చెయ్యి పట్టుకుని లాగింది నా జన్మలో అదొక్కసారే. నాకున్న నోటికి మామూలుగా అయితే ఆయన బతికి బయటపడేవాడు కాదు.

తొంభైల చివర్లో, నర్సీపట్నంలో మాట ఇది. మేం రోడ్డు మీదికి వచ్చేసరికే అంతా ఆగిపోయింది. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. మంగలి షాపులోంచి సగం గడ్డం గీసిన మొహంతో ఒకాయన, బ్యాంకులోంచి చేతిలో స్టాంపుతో గుమాస్తా, హోటల్లోంచి పెసరట్టు పట్టుకుని ఇంకొకాయన. "ఏటయ్యింది? ఏటయ్యింది?" అని ఒకర్నొకరు అడుగుతున్నారు. ఏమీ కాలేదని తెలిశాక నవ్వులు మొదలయ్యాయి. పెసరట్టాయన అక్కడే నిలబడి తినడం పూర్తి చేశాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. లూనా తీసి మిషన్ కాంపౌండు వైపు పరిగెత్తించాను. అక్కడ మా దొడ్డమ్మ ఉంటుంది. మా నాన్నకి అన్న భార్య. పెదనాన్న మిషన్ స్కూల్లో టీచరుగా చేసి పోయాడు, పిల్లలు లేరు. స్థలం చర్చిది, ఇల్లు మాత్రం వాళ్లది. మట్టి గోడలు, తాటి వాసాలు, నాటు పెంకు. పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసి మట్టి తొక్కి కట్టుకున్నారట. నేను వెళ్లేసరికి దొడ్డమ్మ గుమ్మం ముందు పీట వేసుకుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఏటలా పరిగెట్టుకొచ్చినావు? భూమి కదిల్తే కదిలినాది. నీ కొట్టుకి తాళమేసినావా?"

వెయ్యలేదు. ఆ మాట చెప్పకుండా లోపలికి వెళ్లబోతే అడ్డంగా కాలు చాపింది. "ఇప్పుడే అలికినాను, తొక్కకు," అంది. పొద్దు నడినెత్తికొచ్చాక అలకడమేమిటని అప్పుడే అడగాల్సింది. మనిషి బాగానే ఉందన్న సంతోషంలో అడగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఇంట్లో కూర్చుంటే కప్పు వైపు చూడటం, స్టూడియోలో కూర్చుంటే వేలాడే బల్బు వైపు చూడటం. డార్క్‌రూమ్‌లో ట్రేలో మందునీళ్ళు చిన్నగా అల కడితే చాలు, కాగితం వదిలేసి బయటికి వచ్చేసేదాన్ని. ఎన్ని ప్రింట్లు నల్లగా మాడిపోయాయో. నాకు భయమని ఎవరితోనూ అనలేదు. అనకపోగా భయపడే వాళ్లందరినీ తిట్టేదాన్ని. మా అమ్మ మంచం వీధి అరుగు మీద వేసుకుంటే, "నువ్వొక్కదానివే బతికుండి ఏం చేస్తావు?" అని దెప్పాను. తీరా నేనూ నా మంచం తెచ్చి పక్కనే వేసుకున్నాను.

మనుషులకేమీ కాలేదు గానీ ఊరికి అయింది. ఆ నెలంతా వానలు. మట్టి గోడలు అప్పటికే నాని ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ కాస్త కుదుపూ వచ్చేసరికి పాత వీధుల్లో పెంకుటిళ్లన్నీ బీటలు తీశాయి. కొన్ని ఆ రోజు నిలబడి, తర్వాతి వానకి పడ్డాయి. మండలాఫీసు వాళ్లు దెబ్బతిన్న ఇళ్లన్నిటికీ ఫోటోలు కావాలన్నారు. బాగు చేసుకుంటే నిలబడేదేదో, మీద పడకముందే పడగొట్టాల్సిందేదో తేల్చాలట. మిగతా స్టూడియోల వాళ్లు పెళ్లిళ్ల పనే చూసుకుంటామన్నారు, వీడియోలొచ్చిన రోజులు మరి. ఇంకా నలుపు తెలుపు ఫిల్ము రోలు వాడేది నేనొక్కదాన్నే. బీట నలుపు తెలుపులోనే బాగా కనబడుతుంది. అలా ఆ పని నాకొచ్చింది. టేపు పట్టుకుని ఒక ఉద్యోగి నాతో వచ్చేవాడు. నెమ్మదైన మనిషి. నేను అరుస్తుంటే ఆయన టేపు చుట్టుకుంటూ ఉండేవాడు.

అరవక ఏం చెయ్యను? ఫోటోలమ్మ వస్తోందని ఒక వీధిలో తెలిస్తే పక్క వీధిలో స్నానాలు మొదలయ్యేవి. పిల్లల మొహాలకి పౌడరు, ఆడవాళ్లకి పెట్టెలోని పట్టుచీర. వాకిట్లో ముగ్గు. కుటుంబం మొత్తం సరిగ్గా బీటకి అడ్డంగా నిలబడేది. "మీ మొహాలు కాదండీ నాకు కావలసింది, గోడ," అంటే నొచ్చుకునేవాళ్లు. ఒకావిడ బీట మీద క్యాలెండరు తగిలించింది. తీయమంటే తియ్యదు. "అందరూ సూస్తారు కదమ్మా," అంటుంది. అందరూ చూడ్డానికేనమ్మా తల్లీ ఈ ఫోటో అంటే, "అందుకే కదా," అంటుంది. ఇంటి గుట్టు లంకకు చేటని చిన్నప్పటి నుంచీ నూరిపోసిన జనం. గోడ పగిలిందని ఊరందరికీ చూపించమంటే ఎలా చూపిస్తారు? ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు ఒళ్లు మండేది.

ఒక ఇంట్లో అయితే పగుళ్లన్నీ మట్టితో మెత్తి, పైన సున్నం కొట్టి, తళతళలాడించి నిలబెట్టారు. "బాగుందా అమ్మా?" అని ఆ ఇంటాయన మురిసిపోతూ అడిగాడు. ఉద్యోగి తల పట్టుకున్నాడు. ఇల్లు పాడైందని రాయడానికి పాడైన చోటు ఎక్కడుంది? నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ ఇంటాయన చేతే ఒక చోట సున్నం గీకించి తీశాను. గీకుతున్నంత సేపూ ఆయన మొహం చూడలేకపోయాను.

ఫోటోలు నేను తీశాను గానీ, ఆ ఫోటోలకి కథలు వాళ్లే అంటించారు. ఒక టైలరు ఇంట్లో నడిమి గోడ నిలువునా చీలింది. అవతలి వైపు అతని అన్న కాపురం. ఆస్తి తగువులో ఏళ్ల తరబడి మాటల్లేవు. ఇప్పుడు చీలికలోంచి చెయ్యి దూరుతుంది. నేను కెమెరా పెట్టుకుంటుంటే అవతలి నుంచి ఒక ఆడగొంతు, "మా మరిదికి సెప్పండి, కాస్త రేడియో తగ్గించమని," అంది. ఇవతలి నుంచి టైలరు, "రేడియో మీదే, మాది కాదు," అన్నాడు. ఎన్నేళ్లకో ఆ రెండిళ్ల మధ్య నడిచిన మాట అదేనట. టైలరు భార్య నాతో గుసగుసగా, "ఈ గోడ ఇప్పుడప్పుడే పూడ్చకపోతే బాగున్ను," అంది. నేను ఆ మాట ఉద్యోగికి చెప్పలేదు. ఆ చీలిక ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. మసగ్గా వచ్చింది. తీస్తున్నప్పుడు నాకూ నవ్వొచ్చిందనుకుంటాను.

మిషన్ కాంపౌండుకి ఆఖర్న వెళ్లాం. చర్చి కమిటీ వాళ్లే రమ్మన్నారు. పాత టీచర్ల ఇళ్ల వరస హాస్టలు పిల్లలు ఆడుకునే చోటుకి ఆనుకుని ఉంటుంది. గోడ మీద పడితే ఎవరిది పూచీ? దొడ్డమ్మ ఇల్లు ఆ వరసలో చివరిది. మేం వెళ్లేసరికి తెల్లచీర కట్టుకుని వెనక గదిలో గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. వందనాలు చెప్పింది, ఉద్యోగికి కుర్చీ చూపించింది. "తియ్యి, బేగి తీసుకో. నాకు పొయ్యి మీద పప్పుంది," అంది నాతో.

గదంతా పచ్చి సున్నం వాసన.

"పక్కకి జరుగు దొడ్డమ్మా."

"నానుంటే ఏటి? నా ఇల్లు, నా పొటో."

"జరుగు."

జరగలేదు. నాకు ముక్కు మీదే కోపం. రెక్క పట్టుకుని పక్కకి లాగాను. చీర వెనక వైపంతా తడి సున్నం అంటుకుంది. గోడ మీద వెడల్పుగా, కప్పు నుంచి నేల దాకా, కొత్తగా మెత్తిన మట్టి. చేత్తో రాస్తే పొరలా ఊడొచ్చింది. లోపల బీట. వేళ్లు పట్టేంత బీట. గోడ బయటికి ఒరిగి ఉంది. ఆ రోజు అలికానని నన్ను గుమ్మంలో ఆపేసింది ఎందుకో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఈ గోడ పక్కనే మంచం వేసుకుని పడుకుంటోంది.

"ఏటి దొడ్డమ్మా ఇది? ఊళ్లో వాళ్లు నామోషీ కొద్దీ చేశారంటే చేశారు, నీకేమొచ్చింది? మీద పడితే?"

"పడదు," అంది. "పడనివ్వను."

ఫోటో తీశాను. మట్టి ఊడ్చేసి, బీట పూర్తిగా కనబడేలా, టేపు ఆనించి తీశాను. తీస్తున్నంత సేపూ ఆవిడ వంటింటి వైపు తిరిగి నిలబడింది. వెళ్లేటప్పుడు నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆ ఇంట్లో మంచినీళ్లు తాగకుండా నేను బయటికి రావడం అదే మొదలు.

కమిటీ తీర్మానం త్వరగానే వచ్చింది. పెద్ద వానలు రాకముందే వరస మొత్తం పడగొట్టాలి. మిగతా ఇళ్లు అప్పటికే ఖాళీ. దొడ్డమ్మని మా ఇంటికి తెచ్చుకుంటామని నేనూ అమ్మా చెప్పాం. కాంట్రాక్టరు పొక్లెయిన్ తెచ్చాడు. మా ఊళ్లో ఆ యంత్రం అప్పటికింకా వింతే. పిల్లలు దాని వెనకాల పరిగెత్తేవాళ్లు. అది పక్కింటి మీద చెయ్యి వేస్తే, కప్పూ గోడా కలిపి ఒక్క ఊపులో ధూళి అయిపోయింది. దొడ్డమ్మ గుమ్మంలోనే నిలబడి ఆ ధూళి అంతా చూసింది. చూసి, గుమ్మంలోనే కూర్చుంది.

"నా ఇల్లు కూల్సకండి," అంది కాంట్రాక్టరుతో. "దింపండి."

"ఏదైనా ఒకటే కదమ్మా. ఆఖరికి మట్టే కదా మిగిలేది."

"ఒకటి కాదు. దింపుతానంటే ఇప్పుడే లేస్తాను. కూలుస్తానంటే నామీద నుంచి కూల్సుకో."

పెంకు దించడం, వాసాలు దించడం మా వైపు అందరికీ తెలిసిన పనే. మళ్లీ వాడుకోవడానికి చేస్తారు. కానీ ఈ పాత పెంకు, పుచ్చిన వాసాలు ఎవరికి కావాలి? పైగా మట్టి గోడని ఎవరైనా దించుతారా? కాంట్రాక్టరు నవ్వాడు. కమిటీ పెద్దలు బతిమాలారు. పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. దొడ్డమ్మ ఆమెన్ అంది, కళ్లు తుడుచుకుంది, లేవలేదు. పొక్లెయిన్ డ్రైవరు బండి ఆపేసి నీడలో బీడీ ముట్టించాడు. నాకేమో సిగ్గు, కోపం, ఇంకో పక్క ఆకాశం కమ్ముకొస్తోందన్న కంగారు. ఆ వెనక గోడ ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు? ఈవిడేమో దాని పక్కనే కూర్చుని మాటలకి పేచీ పెడుతోంది.

ఇంటికొచ్చి అమ్మ మీద ఎగిరాను. "నీ తోడికోడలికి మతి పోయింది. వెళ్లి నువ్వైనా చెప్పు."

అమ్మ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. "మతి పోలేదే. మీ దొడ్డమ్మకి వాళ్లమ్మ తిట్టు ఉంది," అంది.

అప్పుడు చెప్పింది. దొడ్డమ్మ మొదట మా వాళ్లలో మనిషి కాదని నాకు తెలుసు. రావికమతం అవతల చెరుకూ వరీ పండించే కాపులింటి పిల్ల. మిషన్ ఆస్పత్రికి వస్తూ పోతూ పెదనాన్నని చూసి, ఆఖరికి చర్చిలో పెళ్లి చేసుకుంది. అంతవరకే తెలుసు. తర్వాతిది తెలియదు. ఈ ఇల్లు కట్టుకుని కాపురం పెట్టిన కొత్తలో వాళ్లమ్మ ఒక్కతే వచ్చిందట. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లో నిలబడి, వంగి, దోసిలినిండా మన్నెత్తి గోడ మీదికి విసిరి, "నీ కొంప కూలిపోను," అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆవిడ పోయినప్పుడు కబురు కూడా పెట్టలేదు. ఎప్పుడో సంతలో ఎవరో చెబితే తెలిసిందట.

విని నేను మెత్తబడ్డానా అంటే లేదు. ఇంకా మండిపోయాను. ఆ తిట్టు మా ఊళ్లో ఎంత మామూలు తిట్టు! పాలు విరిగితే పాలవాడి కొంప కూలాలి, బస్సు ఆపకపోతే డ్రైవరు కొంప కూలాలి. ఆ లెక్కన నర్సీపట్నంలో ఒక్క ఇల్లు నిలబడి ఉండకూడదు. ప్రతి ఆదివారం ముందు బల్ల మీద కూర్చునే మనిషి, ఊళ్లో జ్వరమొచ్చిన పిల్లలకి ప్రార్థన చేసే మనిషి, తిట్టుకి భయపడటమేమిటి? వెనక్కి వెళ్లి అదే మాట ఆవిడ మొహం మీదే అన్నాను.

"ఆవిడెప్పుడో తిట్టిందని గోడ పడుతుందా దొడ్డమ్మా? వానకి నాని, కుదుపుకి చీలింది. ఊరంతా చీలింది. అందరికీ మీ అమ్మే మన్ను పోసిందా?"

దొడ్డమ్మ నా వైపు చూసింది. కోపం లేదు, భయం కూడా లేదు. అదే నాకు అంతుపట్టలేదు.

"నీకు తెలవదులే," అంది. "దింపిస్తావా, దింపించవా?"

ఏం చెయ్యను? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లి, ఆదివారం దాకా ఆ ఇంటి జోలికి రావద్దని బతిమాలాను. వినకపోతే నోరు చేసుకున్నాను. నా నోటికి దడిసో, దొడ్డమ్మ గుమ్మంలోంచి లేవదని తెలిసో ఒప్పుకున్నాడు. "ఆదివారం తర్వాత నా బండి ఆగదమ్మా. వానొచ్చి దానంతటదే కూలిపోతే నన్నడక్కండి," అన్నాడు. సరిగ్గా అదే కదా నా భయం కూడా.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. కూలీలతో పాటు చర్చి ఆడవాళ్లు కొంగులు బిగించి వచ్చారు. నేను చెప్పింది ఇద్దరికే, ఎలా పాకిందో ఆ మాట. కప్పు మీద నుంచి ఒక్కో పెంకు తీసి అందిస్తే, చేతులు మారుతూ వాకిట్లో ఉన్న కానుగ చెట్టు దాకా వెళ్లింది. ముందు విసుక్కున్నవాళ్లే తర్వాత మేలమాడటం మొదలుపెట్టారు. "ఏటమ్మా, మీ ఇంటి పెంకులు బంగారమేటి?" అని ఒకావిడ అంటే, "జారవిడిసినావంటే నీకే తెలుస్తాది," అంది దొడ్డమ్మ. చర్చి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఏ పెంకు ఎటు పోతోందో చూస్తూనే ఉంది. నాతో మాత్రం, "పొటోలు తియ్యి. దింపుతున్నట్టు తెలియాలి, తియ్యి," అంది. నా ఖర్చుతో నా ఫిల్ము రోళ్లు. తీశాను.

పెంకు దిగింది. వాసాలు దిగాయి. దూలం దించడానికి తాళ్లు కట్టారు. గుమ్మం ఊడదీసి పక్కన పడుకోబెట్టారు. గోడల దగ్గర కూలీలు ఆగిపోయి నా మొహం చూశారు. దొడ్డమ్మ కుర్చీలోంచి లేచింది. "వరస మీద వరస పెట్టి కట్టినాం. ఒక వరస ఎండినాకే ఇంకో వరస. అలాగే పైనుంచి తీసీండి," అంది. గోడ మీద నీళ్లు చల్లి, నానాక, పారలతో పైనుంచి ఒక్కో వరసా తీసి తట్టల్లో దించారు. ముందు గోడ నడుము దాకా, మోకాలి దాకా, నేల దాకా దిగింది. పక్క గోడలూ అంతే. నేను పారల వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూస్తూ నిలకడ లేకుండా తిరిగాను. అన్నం సహించలేదు. ఒక్క పిడుగు శబ్దం వస్తే చాలు, గోడ దగ్గర ఎవరున్నారని గట్టిగా కేకపెట్టేదాన్ని. వెనక గోడని ఆఖరికి వదిలారు. చీలిన దాన్ని ముట్టుకోవడానికి అందరికీ భయమే.

శనివారం మధ్యాహ్నం ఆ గోడ మీద పని మొదలైంది. పై వరసలు రెండో మూడో దిగాయి. చినుకులు పడ్డాయి. చూస్తుండగానే వాన పట్టుకుంది. "దూరం జరగండి," అని నేను అరిచాను. పారలు వదిలేసి కూలీలు ఇవతలికి వచ్చేశారు. వాన జోరుగా కురుస్తుంటే అందరం కానుగ చెట్టు కింద నిలబడి ఆ మిగిలిన గోడనే చూస్తున్నాం. మట్టి ఎర్రగా కారుతోంది. చీలిక పెద్దదవుతోంది. మనసులో ప్రార్థన చేశాను. దేవుడా, ఈ ఒక్క గోడ. ఒక్క పూట.

గోడ బయటికి ఒరిగి, పెద్దగా చప్పుడు కూడా లేకుండా, మొత్తంగా పడిపోయింది.

దొడ్డమ్మ వైపు చూసే ధైర్యం నాకు లేదు. ఆవిడే గొడుగు కూడా లేకుండా వానలోకి నడిచింది. పడిన మట్టి దగ్గరికి వెళ్లి కాలితో ఒక పెళ్లని కదిపింది. ఇటు తిరిగి, అందరికీ వినబడేలా అంది.

"ఇల్లు ఎప్పుడో దిగిపోనాది. ఇది గోడ. కప్పు లేనిదాన్ని, గుమ్మం లేనిదాన్ని ఇల్లంటారేటి ఎవరైనా?"

"అనరమ్మా," అన్నాడు కూలీల్లో పెద్దవాడు వెంటనే. ఆడవాళ్లు కూడా అందుకున్నారు. అనరు, ఎలా అంటారు, అది గోడే అని. కొందరు నవ్వారు, అందరం తడిసి ముద్దయ్యాం. మాటలతో దేవుణ్ణి కూడా దబాయిస్తోంది ఈవిడ, అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆటోలో మా ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ వేడినీళ్లు పెట్టింది. దొడ్డమ్మ అరుగు మీద కూర్చుని కాళ్లకి అంటిన మట్టి కడుక్కుంటోంది. నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను. ఇంక ఉండబట్టలేక అడిగేశాను. "అంత భయమేమిటి దొడ్డమ్మా నీకు? ఒకవేళ మొత్తం ఇల్లే కూలిపోయి ఉంటే ఏమయ్యేది? నువ్వు మా ఇంట్లోనే కదా ఉండేదానివి. నీకేమయ్యేది?"

"నాకేటవుతాది? నాకేటీ అవదు." మడమ దగ్గర మట్టి గట్టిపడింది, గోటితో గీకుతోంది. "మాయమ్మ నాతో అన్న ఆకరి మాట అదే. తరవాత మాటే లేదు. ఆ మాట నిజమైతే కన్నకూతుర్ని తిట్టినట్టు. నిజమవకపోతే కోపంలో ఏదో అన్నాదంతే. కోపంలో ఎంతమంది అమ్మలు ఎన్ననరు? మీ అమ్మ నిన్ను అనలేదా?"

లోపల అమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. అన్నేళ్లుగా ఆవిడ కాపలా కాసింది ఇంటిని కాదు. ఏడుపొచ్చేసింది నాకు.

దొడ్డమ్మ తలెత్తింది. మొహంలో ఆ మధ్యాహ్నపు దబాయింపు లేదు. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"దింపినాం కదే? నువ్వు దగ్గరుండి సూసినావు. అన్నీ పొటోలు తీసినావు. కూలలేదు కదా?"

"లేదు దొడ్డమ్మా," అన్నాను. "దించాం. నేను చూశాను."

కాసేపు నా మొహంలోకే చూసింది. ఇంకో కాలు ముందుకి చాపి, నీళ్లు పొయ్యమన్నట్టు చెయ్యి ఊపింది.

"అయితే మాయమ్మ నన్ను తిట్టలేదు," అంది.